బెజవాడ రూముకి పాట ఎవరు పాడుతున్నారు?

ఇంద్రకీలాద్రి మీద అమ్మవారు సరస్వతీదేవి అలంకారంలో దర్శనమిచ్చే మూలా నక్షత్రం రోజున విజయవాడలో ఖాళీ రూము దొరకడమంటే మాటలు కాదు. వన్‌టౌన్ నుంచి గాంధీనగర్ దాకా, బస్టాండు దగ్గర లాడ్జీల నుంచి బందరు రోడ్డు మీద పెద్ద హోటళ్ళ దాకా ఏ కౌంటర్లో అడిగినా ఒకటే మాట: ‘ఫుల్లండీ’. అవే లాడ్జీలకి ఆషాఢమాసంలో మామూలు మంగళవారం సాయంత్రం వెళ్ళి చూడండి. సగం తాళాలు బోర్డుకే వేలాడుతుంటాయి. మంచం అదే, ఫ్యాను అదే, కిటికీలోంచి కనిపించే వీధి కూడా అదే. రేటు మాత్రం రెండింతలో మూడింతలో తేడా.

ఫోనులో యాప్ తెరిచి చూసేవాళ్ళకి ఇది ఇంకా అయోమయం. పొద్దున చూసిన రేటు మధ్యాహ్నానికి ఉండదు. అన్నం తిని వచ్చేలోపు మూడొందలు పెరుగుతుంది, రాత్రి పొద్దుపోయాక చూస్తే అయిదొందలు తగ్గి ఉంటుంది. ‘మన ఫోను చూసే పెంచుతున్నాడు’ అని కొందరంటారు, ‘అంతా దోపిడీ’ అని ఇంకొందరంటారు. దోపిడీ జరిగే సందర్భాలు లేకపోలేదు, వాటి సంగతికి తర్వాత వస్తాను. కానీ ఆ అంకెల ఎగుడుదిగుళ్ళ వెనక అసలు ఉన్నది యాభై ఏళ్ళ వయసున్న గణితం. ఇవాళ రూము ధర అంటే నడుస్తున్న వేలంలో ఆ క్షణానికి పలికిన పాట. ఆ పాట పాడుతున్నదెవరో, దేని మీద పాడుతున్నారో తెలిస్తే సామాన్య యాత్రికుడికి నాలుగు డబ్బులు మిగులుతాయి.

మొదట హోటల్ వైపు నుంచి చూద్దాం. హోటల్ అమ్మేది గది కాదు, రాత్రి. ఇవాళ అమ్ముడుపోని రాత్రిని రేపు అమ్మలేరు. భవనం అద్దె, బ్యాంకు వాయిదా, సిబ్బంది జీతాలు రూము నిండినా ఎండినా ఒకటే. మనిషి దిగితే అదనంగా పడే ఖర్చు దుప్పట్లు ఉతికించడం, కరెంటు, సబ్బు, నీళ్ళు. ఆ అదనపు ఖర్చు నాలుగొందలు అనుకుంటే, అయిదొందలకి ఇచ్చినా ఖాళీగా ఉంచడం కంటే నయమే. అయితే యజమాని అంత తగ్గించడు, ఎందుకంటే ఇవాళ అయిదొందలకి ఇచ్చిన సంగతి రేపు రెండువేలు ఇచ్చే మనిషికి తెలిస్తే అతనూ అయిదొందలే ఇస్తానంటాడు. ఖాళీ రూము అమ్ముకోవాలి, అమ్ముకున్నట్టు తెలియకూడదు. హోటల్ వ్యాపారంలో ధరల చిక్కంతా ఈ ఒక్క ముడిలోనే ఉంది.

దీన్ని విప్పే తొలి సూత్రం విమానాల నుంచి వచ్చింది. బ్రిటిష్ విమాన సంస్థ బీఓఏసీలో పనిచేసే కెన్ లిటిల్‌వుడ్ 1972లో ఒక చిన్న నియమం ప్రతిపాదించాడు. తక్కువ రేటు కోసం ముందే బుక్ చేసుకునేవాళ్ళు కొందరు, ఎక్కువ రేటైనా ఇచ్చి చివరి నిమిషంలో వచ్చేవాళ్ళు కొందరు. ఎన్ని సీట్లు చివరివాళ్ళ కోసం దాచాలి?

గాంధీనగర్‌లో 50 రూముల హోటల్ ఒకటి ఉందనుకుందాం. పది రోజుల ముందు బుక్ చేసుకునే కుటుంబం 1,500 ఇస్తుంది. పనిమీద ఆ సాయంత్రమే దిగే మెడికల్ రిప్రజెంటేటివో, మోటారు స్పేర్ పార్టుల కోసం ఆటోనగర్ వచ్చిన వ్యాపారో 2,500 ఇస్తాడు. 1,500ని 2,500తో భాగిస్తే 0.6. అంటే, ఒక రూముని దాచిపెడితే అది పూర్తి రేటుకి పోవడానికి నూటికి 60 పాళ్ళకి మించి అవకాశం ఉన్నంతవరకు దాచడమే లాభం. పూర్తి రేటు మనుషులు కనీసం 20 మంది వస్తారనడానికి సరిగ్గా 60 శాతం అవకాశం ఉందని పాత లెక్కలు చెబితే, 20 రూములు పక్కన పెట్టి 30 మాత్రమే తక్కువ రేటుకి వదలాలి. ఇరవై ఒకటో రూముని దాచితే నష్టం, పంతొమ్మిదో రూముని తక్కువకి ఇచ్చేసినా నష్టమే.

మూలా నక్షత్రం రోజున ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. పూర్తి రేటు ఇచ్చేవాళ్ళు 50 మంది వచ్చే అవకాశం దాదాపు నూటికి నూరు. కాబట్టి తక్కువ రేటు రూములు సున్నా. ఆషాఢంలో పూర్తి రేటుకి అయిదుగురు రావడం కూడా అనుమానమే. కాబట్టి దాదాపు అన్ని రూములూ తక్కువ రేటుకే తెరిచి ఉంటాయి. మధ్యాహ్నానికి రేటు పెరగడమంటే పొద్దుటి బుకింగులు చూసి ఆ అవకాశాన్ని తిరగలెక్క వేశారని అర్థం. రాత్రి తగ్గడమంటే ఎదురుచూసిన మనుషులు రాలేదని అర్థం. ఈ లెక్కని అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1985 నుంచి కంప్యూటర్ల మీద పెద్ద ఎత్తున నడిపి, చౌక టికెట్లతో పోటీకి వచ్చిన పీపుల్ ఎక్స్‌ప్రెస్ సంస్థని దెబ్బతీసింది. తర్వాత మారియట్ వంటి హోటళ్ళు అందుకున్నాయి. ఇప్పుడు బెజవాడలో ముప్పై రూముల లాడ్జి కూడా ఏదో ఒక యాప్ ద్వారా ఇదే లెక్కలో భాగం.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. కృష్ణా డెల్టాలో రూముల గిరాకీని ముందే చెప్పే మంచి పుస్తకం పంచాంగం. శ్రావణంలో, మాఘంలో ముహూర్తాలు బాగున్న తేదీలకి పెళ్ళివారు రూములు గంపగుత్తగా తీసేసుకుంటారు. మూఢం వస్తే కల్యాణ మండపాలతో పాటు వాటి చుట్టుపక్కల హోటళ్ళూ చల్లబడతాయి. 2024 వేసవినే తీసుకోండి. మామూలుగా పెళ్ళిళ్ళతో హోరెత్తే మే, జూన్ నెలల్లో శుక్ర మూఢం పడి ముహూర్తాలే లేకుండా పోయాయి. ఎక్కడో బెంగళూరులోనో గురుగ్రామ్‌లోనో కూర్చుని పోయినేడాది మే నెల అంకెలు చూసి ఈ ఏడాది మే నెల రేటు పెట్టే సాఫ్ట్‌వేర్‌కి ఇది ఎవరో నేర్పాలి. లేకపోతే అది తప్పుడు రేటు పెట్టి, వారం ముందు బెంబేలెత్తి తగ్గిస్తుంది. దసరా, ఆ తర్వాత భవానీ దీక్ష విరమణ రోజులు, శివరాత్రి: ఇవన్నీ చాంద్రమానంతో నడిచేవి, ఇంగ్లీషు తేదీల్లో ఏటా అటూ ఇటూ జరుగుతూ ఉంటాయి. పంచాంగానికి అందనివీ ఉంటాయి. 2024 జూన్ 12న గన్నవరం దగ్గర కేసరపల్లిలో ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం జరిగింది. అలాంటి తేదీ ఖరారు కాగానే వేల ఫోన్లలో ఒకేసారి విజయవాడ రూముల కోసం వెతుకులాట మొదలవుతుంది. ఆ వెతుకులాటే యాప్‌కి సంకేతం. మీరు బుక్ చేయకపోయినా, ఊరికే వెతికినా, మీరూ ఆ రేటు మీద ఒక చెయ్యి వేసినట్టే.

ఇక పాట సంగతి. వేలం మనవాళ్ళకి కొత్త కాదు. దేవస్థానాల్లో తలనీలాల పాట, కొబ్బరి చిప్పల పాట, ఊళ్ళలో చేపల చెరువుల పాట ఏటా చూస్తూనే ఉంటాం. రోజూ ఇళ్ళలో నడిచే వేలం మాత్రం చీటీ పాట. లక్ష రూపాయల చీటీలో ఈ నెల అవసరం గట్టిగా ఉన్నవాళ్ళు ‘పదిహేను వేలు వదులుకుంటా’ అని పాడతారు, ఇంకొకరు ఇరవై అంటారు. ఎవరు ఎక్కువ వదులుకుంటే చీటీ వాళ్ళది, ఆ వదులుకున్నది మిగతావాళ్ళు పంచుకుంటారు. అవసరం ఎవరిదో వాళ్ళే తగ్గాలి అన్నది చీటీ పాట నేర్పే గణితం. ఖాళీ రాత్రి చేతిలో పెట్టుకున్న హోటల్ సరిగ్గా ఆ అవసరంలో ఉన్న సభ్యుడే. పండగ రాత్రి ఆ అవసరం యాత్రికుడి మీదికి మారుతుంది. పాట మొదలయ్యేలోపు అవసరం ఎవరిదో కనిపెట్టడమే సగం విద్య.

అమెరికాలో జే వాకర్ అనే వ్యాపారి 1998లో ఈ అవసరాన్ని పట్టుకునే ఒక సేవ మొదలుపెట్టాడు, పేరు ప్రైస్‌లైన్. ‘మీ ధర మీరే చెప్పండి’ అన్నది దాని పద్ధతి. మొదట విమాన టికెట్లతో మొదలై తర్వాత హోటల్ రూములకి వచ్చింది. న్యూయార్కో షికాగోనో వెళ్ళే మనిషి ఊళ్ళో ఒక ప్రాంతం ఎంచుకుంటాడు, ఎన్ని నక్షత్రాల హోటల్ కావాలో చెబుతాడు, ఎంత ఇస్తాడో చెబుతాడు, కార్డు నెంబరు ఇస్తాడు. ఏ హోటలో మాత్రం తెలియదు. ఆ ప్రాంతంలో ఆ స్థాయి హోటళ్ళు రహస్యంగా ఇచ్చిన కనీస ధరల్లో ఏదైనా అతని పాట కంటే తక్కువ ఉంటే, ఆ క్షణాన్నే డబ్బు కట్ అవుతుంది, అప్పుడు హోటల్ పేరు బయటపడుతుంది. రద్దు లేదు, వాపసు లేదు. ఆ రెండు ధరల మధ్య తేడా సంస్థది.

పేరు దాచడం ఎందుకంటే మొదట చెప్పిన ముడి విప్పడానికే. హోటల్ తన బోర్డు రేటు తగ్గించకుండానే ఖాళీ రూము అమ్ముకుంది. ఫలానా చోటే దిగాలనుకునే పెద్దమనిషి ఈ గుడ్డి బేరానికి రాడు, పూర్తి రేటే కడతాడు. ఎక్కడైనా సరే తల దాచుకుంటే చాలనుకునే కుర్రవాడు వస్తాడు. ఒకే గదిని ఇద్దరికీ రెండు ధరలకి అమ్మడానికి మధ్యలో కట్టిన గోడ ఆ తెలియకపోవడమే. హోటళ్ళు ఆ రహస్య ధరని ఎలా పెట్టుకోవాలన్నది కూడా శాస్త్రమైంది. కార్నెల్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు క్రిస్ ఆండర్సన్ 2009లో దీనిమీదే పరిశోధన పత్రం రాశాడు.

మరి పాడేవాడు ఎంత పాడాలి? దగ్గరగా లెక్కవేసి చూద్దాం, అయిదో తరగతి గుణకారం వస్తే చాలు. ఆ రాత్రి రూముకి మీరు పెట్టగల గరిష్ఠం 2,000. రహస్య ధర 1,000కీ 2,000కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, అన్నిచోట్లా సమాన అవకాశం. ఒక్కసారే పాడనిస్తారు. 2,000 పాడితే రూము ఖాయం, మిగిలేది సున్నా. 1,200 పాడితే దొరికినప్పుడు 800 మిగులు, కానీ దొరికే అవకాశం అయిదింట ఒకటి, సగటున 160. 1,700 పాడితే మిగులు 300, అవకాశం పదింట ఏడు, సగటున 210. నట్టనడుమ 1,500 పాడితే మిగులు 500, అవకాశం సగం, సగటున 250. అంతకన్నా మంచి పాట లేదు.

రెండుసార్లు పాడనిస్తే? అప్పుడు మొదట 1,330 దగ్గర, కాకపోతే 1,670 దగ్గర పాడాలి. సగటు మిగులు 333కి పెరుగుతుంది. మూడుసార్లు అవకాశమిస్తే 1,250, 1,500, 1,750. సగటు మిగులు 375. రూము దొరికే అవకాశం కూడా సగం నుంచి మూడింట రెండుకి, అక్కడి నుంచి నాలుగింట మూడుకి ఎక్కుతుంది. ఎన్నిసార్లు పాడనిస్తే అంత మెల్లగా మెట్లెక్కుతూ రహస్య ధర గుమ్మం దగ్గరే ఆగొచ్చన్నమాట. అందుకే ఆ సంస్థ ఒకసారి తిరస్కరించిన పాటని వెంటనే పెంచనిచ్చేది కాదు. 24 గంటలు ఆగాలి, లేదంటే ప్రాంతమో నక్షత్రాల స్థాయో మార్చాలి.

ఈ నియమంలోనే తెలివైన ప్రయాణికులు ఒక సందు కనిపెట్టారు. తమకి కావాల్సిన నాలుగు నక్షత్రాల హోటల్ అసలే లేని ప్రాంతాన్ని వెతికిపట్టుకుని, దాన్ని తమ పాటకి కలిపేవాళ్ళు. ప్రాంతం మారింది కాబట్టి మళ్ళీ పాడొచ్చు, అక్కడ ఆ స్థాయి హోటలే లేదు కాబట్టి పొరపాటున అక్కడ పడే ప్రమాదం లేదు. అలాంటి ప్రాంతాలు మూడు దొరికితే మూడు అదనపు పాటలు. ఏ ప్రాంతంలో ఏ స్థాయి హోటళ్ళున్నాయో పటం ముందు పెట్టుకుని జాబితా రాసుకుని, అప్పుడు కూర్చునేవాళ్ళు. పాటకి ముందు చేసే ఈ శ్రమే వాళ్ళకి సగానికి సగం రేటు తెచ్చిపెట్టేది. మిగతా జనం తొలిపాటలోనే ఎక్కువ చెప్పేసి సంతోషంగా వెళ్ళిపోయేవారు.

ఆ పద్ధతి ఎల్లకాలం నిలవలేదు. గుడ్డి బేరం కంటే పేరు కనిపించే బేరమే జనానికి నచ్చింది. విమాన టికెట్ల పాటని ప్రైస్‌లైన్ 2016లో ఆపేసింది, హోటళ్ళదీ తర్వాత అదే దారి పట్టింది. కానీ సంస్థ చిన్నబోలేదు. 2005లో బుకింగ్ డాట్ కామ్‌ని, 2007లో అగోడాని కొనేసి, 2018లో తన పేరే బుకింగ్ హోల్డింగ్స్ అని మార్చుకుంది. ఇవాళ విజయవాడ రూము వెతికితే ముందు వరసలో కనిపించే ఆ రెండు పేర్లూ ఆ పాటల దుకాణం ఇంటివే. మన దగ్గర పాట ఇంకో రూపంలో బతికే ఉంది. ఎయిర్ ఇండియా వంటి విమాన సంస్థలు టికెట్ కొన్నవాళ్ళని పై తరగతి సీటుకి అదనంగా ఎంత ఇస్తారో పాడమంటున్నాయి.

అయితే హోటల్ రూముల్లో అసలు మార్పు అది కాదు. పాట ఆగలేదు, పాడేవాళ్ళు మారారు. మీరు గూగుల్‌లో విజయవాడ హోటళ్ళని కొట్టగానే, ఫలితాలు తెర మీదికి వచ్చేలోపు ఒక వేలం జరిగిపోతుంది. ‘ఈ మనిషి నా లింకు నొక్కితే ఇంత ఇస్తా’ అని బుకింగ్ సంస్థలు పాడతాయి. అక్కడ అమ్ముడుపోయేది రూము కాదు, మీ చూపు.

ఆ వేలం పద్ధతికి పునాది విలియం విక్రీ ఆలోచన. కొలంబియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్పిన ఈయన 1961లో ఒక ప్రశ్న వేసుకున్నాడు. మూసిన కవర్లలో ధరలు రాసే టెండర్లలో ఎవరూ మనసులో మాట రాయరు, ఎదుటివాడు ఎంత రాస్తాడో ఊహించి తగ్గించి రాస్తారు. నిజం రాయించడం ఎలా? ఆయన జవాబు: అందరికన్నా ఎక్కువ రాసినవాడికే ఇవ్వండి, కానీ అతని దగ్గర రెండో స్థానంలో ఉన్నవాడు రాసినంతే తీసుకోండి. అప్పుడు తగ్గించి రాస్తే వస్తువు పోగొట్టుకోవడం తప్ప కట్టేది తగ్గదు, హెచ్చించి రాస్తే నష్టానికి గెలిచే ప్రమాదం. నిజం రాయడమే లాభం. 1996లో ఆయనకి నోబెల్ ప్రకటించారు. ప్రకటన వచ్చిన మూడు రోజులకే ఆయన కన్నుమూశాడు. గూగుల్ 2002లో ప్రకటనల వేలానికి ఈ రెండో ధర ఆలోచననే తనకి తగ్గట్టు మలుచుకుంది. మలిచిన రూపంలో నిజం చెప్పడమే లాభమన్న హామీ పూర్తిగా నిలవదని ఎడెల్‌మన్, ఒస్త్రోవ్‌స్కీ, ష్వార్జ్ అనే ముగ్గురు 2007లో నిరూపించారు.

ఈ పాట డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. బుకింగ్ సంస్థ గూగుల్‌కి కట్టేది హోటల్ దగ్గర తీసుకునే కమీషన్ లోంచి. ఆ కమీషన్ సాధారణంగా రూము రేటులో 15 శాతం పైమాటే. హోటల్ దాన్ని రేటులోనే వేసుకుంటుంది. అంటే ఆ పాటలన్నిటికీ చివరికి డబ్బు కట్టేది గవర్నర్‌పేటలో రాత్రి నిద్రపోయే మనిషే.

ఇంకో పక్క నుంచి హోటళ్ళ చేతులు కట్టేయడమూ జరిగింది. ‘మాకిచ్చిన ధరకన్నా తక్కువకి ఇంకో వెబ్‌సైట్‌లో ఇవ్వకూడదు’ అన్న షరతు ఒప్పందాల్లో పెట్టారు. హోటల్, రెస్టారెంట్ యజమానుల సమాఖ్య ఫిర్యాదు చేస్తే, కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా విచారించి 2022 అక్టోబరు 19న మేక్‌మైట్రిప్–గోఐబిబోకి 223.48 కోట్లు, ఓయోకి 168.88 కోట్లు జరిమానా వేసింది. వేరే ఆన్‌లైన్ సంస్థలతో ముడిపెట్టే ఆ ధర షరతు తీసేయమంది. మన పత్రికల్లో ఇది వ్యాపార పేజీ మూలన పడిపోయిన వార్త. రూము వెతుక్కునే ప్రతి కుటుంబానికీ సంబంధించిన వార్త అది.

ఇదంతా తెలుసుకున్నాక బెజవాడ వచ్చేవాళ్ళు చేయగలిగిందేమిటి? న్యూయార్కులో పాడినవాళ్ళ కిటుకు ప్రాంతాల పటం. డెల్టాలో ఆ పటం మనకి వాళ్ళకన్నా అనుకూలం. బెజవాడ జంక్షన్ నుంచి తెనాలి, గుంటూరు చెరో ముప్పై కిలోమీటర్ల పైచిలుకు, మంగళగిరి పదమూడు, గుడివాడ నలభై దాటి, ఏలూరు అరవై. అన్నిటికీ రైళ్ళు, బస్సులు రోజంతా ఉంటాయి. దుర్గమ్మ దర్శనానికి రద్దీ ఉన్న రోజున ఆ గిరాకీ అంతా కొండ చుట్టూ నాలుగైదు కిలోమీటర్లలోనే గడ్డకట్టి ఉంటుంది. తెనాలి లాడ్జి యజమానికి అది మామూలు రోజే, అవసరం ఆయనదే. అక్కడ రాత్రి పడుకుని తెల్లవారుజామున బండెక్కితే మిగిలే డబ్బు కుటుంబానికి పండగ ఖర్చులో చెప్పుకోదగ్గ భాగం. పెళ్ళి ముహూర్తాల రోజైతే ఈ ఉపాయం పనిచేయదు, ఎందుకంటే ముహూర్తం డెల్టా అంతటికీ ఒక్కటే.

యాప్‌లో రేటు చూసి, హోటల్‌కి నేరుగా ఫోన్ చేయడం రెండో పని. ‘అండీ, ఆన్‌లైన్‌లో ఇంత చూపిస్తోంది, నేరుగా వస్తే ఎంతకిస్తారు?’ అని మర్యాదగా అడగండి. కమీషన్ మిగిలే యజమాని అందులో కొంత మీకు వదలడానికి సిద్ధంగానే ఉంటాడు. సాయంత్రం ఆరు దాటాక, పండగ కాని రోజున అడిగితే ఇంకా మంచిది, లిటిల్‌వుడ్ లెక్కలో దాచిన రూముల మీద ఆశ సన్నగిల్లే వేళ అది. చంటిపిల్లలతో, పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళు మాత్రం ఈ చివరి నిమిషం పాట జోలికి పోవద్దు. సగటు లెక్క బాగానే ఉన్నా, ఓడిన రాత్రి వాళ్ళు ప్లాట్‌ఫారం మీద గడపాల్సి వస్తుంది. చెక్ అవుట్ పద్ధతి కూడా అడగాలి. చాలా లాడ్జీలు దిగిన గంట నుంచి 24 గంటలు లెక్కేస్తాయి, పెద్ద హోటళ్ళు మధ్యాహ్నం పన్నెండుకే ఖాళీ చేయమంటాయి. రాత్రి పదింటికి దిగేవాళ్ళకి మొదటి పద్ధతిలో అదే డబ్బుకి పది గంటలు ఎక్కువ దొరుకుతాయి.

ధర పెరగనిచోట ఏమవుతుందో చూడాలంటే రైల్వే రిటైరింగ్ రూములు చూడండి. కన్ఫర్మ్ లేదా ఆర్‌ఏసీ టికెట్ పీఎన్‌ఆర్‌తో ఐఆర్‌సీటీసీలో బుక్ చేసుకోవచ్చు, యాప్ హోటళ్ళలా పూటకో రేటు ఉండదు. అందుకే పండగ రోజులకి అవి ఎప్పుడో అయిపోతాయి. అక్కడ పోటీ డబ్బుతో కాక తొందరతో జరుగుతుంది. డబ్బు తక్కువ, ముందుచూపు ఎక్కువ ఉన్నవాళ్ళకి అదే సరైన వేలం. సత్రాలదీ అదే దారి.

పన్ను మెట్టు ఒకటి గుర్తుంచుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 వరకు ఉన్న రూముకి జీఎస్టీ 5 శాతం, దాటితే 18. కాబట్టి 7,500 రూముకి మొత్తం 7,875 అయితే, 7,501 రూముకి 8,851 అవుతుంది. ఒక్క రూపాయికి 976 తేడా. పండగ రేటు ఆ గీత దగ్గరికి వచ్చినప్పుడు వంద తగ్గించమని అడిగితే మీకు వెయ్యికి పైగా మిగలొచ్చు, యజమానికి పోయేది వందే.

దోపిడీ సంగతికి వస్తానన్నాను. దసరాకి రేటు పెంచడాన్ని నేను తప్పుపట్టను. రూములు ఇన్నే ఉన్నప్పుడు ఏదో ఒక పద్ధతిలో పంచుకోవాలి, ఆ రాబడిలోనే ఆషాఢం జీతాలు ఉంటాయి. తప్పు దాచడంలో ఉంది. ఒక రేటు చూపించి చివరి తెర మీద ఫీజులు కలపడం, ‘ఒక్క రూమే మిగిలింది’ అని అబద్ధపు తొందర పెట్టడం, అడగని బీమాని బిల్లులో దూర్చడం, బుక్ అయ్యాక కౌంటర్లో ‘ఆ రేటు పోయిందండీ’ అనడం. వీటిలో మొదటి మూడింటినీ కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న నిషేధించిన 13 మోసపు పద్ధతుల్లో చేర్చింది. నాలుగోది మాట తప్పడం, సేవాలోపం కింద ఫిర్యాదు చేయదగ్గది. వేలం న్యాయంగా జరగాలంటే పాడేవాడికి వస్తువు, ధర రెండూ ముందే తెలియాలి. అది లేనిచోట ఏ గణితమూ దాన్ని సమర్థించదు.

గత కృష్ణా పుష్కరాలు 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగాయి. మళ్ళీ 2028లో వస్తున్నాయి. ఆ పన్నెండు రోజులకీ ఘాట్ల పనులు ముందే మొదలుపెట్టినట్టు, రూముల రేట్లు కూడా పన్నుతో కలిపి ముందే ప్రకటించేలా జిల్లా యంత్రాంగమూ హోటళ్ళ సంఘమూ ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోవాలి. ఎంత పెంచుతారో వాళ్ళిష్టం, చెప్పింది ఒకటీ తీసుకునేది ఒకటీ కాకూడదు. అలా జరిగిన చోట బిల్లు, తెర మీది రేటు ఫొటో తీసి దగ్గర పెట్టుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నెంబరు 1915, తెలుగులో మాట్లాడవచ్చు.